మంట పుట్టని మందు

మా అవ్వ లెక్కలో మందు అంటే చుర్రుమనాలి. పుండు మీద పడగానే పళ్లు పటపటా కొరకాలి, కళ్లలో నీళ్లు తిరగాలి, అప్పుడే లోపలి పురుగు చచ్చినట్టు. చుర్రుమననిది ఆమెకు మందే కాదు. అవ్వ అంటే నానమ్మో అమ్మమ్మో అనుకునేరు, మా వైపు కన్నతల్లినే అలా పిలుస్తాం. ఇక పురుగు అంటే ఆమెకు అన్నీ పురుగులే. బాక్టీరియా అన్నా, వైరస్ అన్నా, ఫంగస్ అన్నా, "ఏదైతేంది, పురుగే గదా" అనేది.

ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. జనగామలో ఒక చిన్న ప్రైవేటు నర్సింగ్ హోంలో ఆమె నా చిన్నప్పటి నుంచీ నేల తుడిచింది. బకెట్ నీళ్లలో నల్ల ఫినాయిలు ఒంపితే నీళ్లు పాలలాగా తెల్లబడేవి. ఆ తెల్లనీళ్లతో వార్డు, వరండా, మెట్లు, కాన్పుల గది అన్నీ వంగి తుడిచేది. ఆపరేషన్ గది ముందు చెప్పులు విప్పాలని డాక్టరమ్మ ఒకసారి చెబితే, మా అవ్వ బిల్డింగు మొత్తానికీ ఆ రూలు పెట్టుకుంది. గేటు దాటిందంటే వట్టికాళ్లే. రోజంతా ఆ నీళ్లలో నానిన కాళ్లతో ఇంటికి వచ్చేది. బాపు, అంటే మా నాన్న, పోయాక మమ్మల్ని సాకింది ఆ ఫినాయిలు నీళ్లే. సందు మలుపులో ఆ వాసన తగిలిందంటే అన్నకూ నాకూ ప్రాణం లేచి వచ్చేది, ఇక పొయ్యి ముట్టిస్తుందని.

"నేను తుడిచిన గచ్చు మీద పురుగు గాదు, పురుగు నీడ గూడ ఉండదు" అని గొప్పలు పోయేది. ఆ గొప్పలో అబద్ధమేమీ లేదు. కాన్పుకు వచ్చిన ఆడవాళ్లు ఆమె తుడిచిన నేల మీద చాప పరుచుకుని పడుకునేవాళ్లు.

నేను పడి మోకాలు చీరుకుపోతే నర్సింగ్ హోం నుంచి తెచ్చిన టించరు దూదితో అద్దేది. అద్ది, నా మొహంలోకి చూసి అడిగేది. "చుర్రుమన్నదా?"

"మన్నదీ!" అని నేను ఊరంతా వినబడేలా అరిచేదాన్ని.

"మంచిగైంది. పురుగు సచ్చింది." అప్పుడు వంగి, బుగ్గలు పూరించి, మోకాలి మీద ఉఫ్ ఉఫ్ అని ఊదేది. ఆ ఊదడం కోసం నేను దెబ్బ తగలకపోయినా తగిలిందని చెప్పిన రోజులున్నాయి.

నర్సింగ్ చదువుకు పోయాక మొట్టమొదట నేర్చుకున్న సంగతుల్లో అదొకటి: పుండు మీద ఊదకూడదు. నోట్లో ఉండే బాక్టీరియా అంతా పోయి పుండు మీద వాలుతుంది. సెలవుల్లో ఇంటికి వచ్చి ఆ మాట చెబితే మా అవ్వ మొహం చిన్నబోయింది. "నా నోట్ల పురుగులున్నయా?" అంది. అందరి నోళ్లలోనూ ఉంటాయే అవ్వా, అంటే ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

నా మొదటి ఉద్యోగం భూపాలపల్లిలో, ఒక దవాఖాన డ్రెస్సింగ్ గదిలో. నాట్ల కాలం వచ్చిందంటే మహదేవపూర్ వైపు నుంచి ఆడవాళ్లు వరుసకట్టేవాళ్లు. పొద్దంతా బురదలో నిలబడి వేళ్ల సందులు తెల్లగా నాని పాసిపోయేవి. ముందు ఫంగస్ చేరుతుంది, చర్మం పగులుతుంది, ఆ పగుల్లోంచి బాక్టీరియా దూరుతుంది. ఫంగస్ తలుపు తీస్తే బాక్టీరియా ఇంట్లో కాపురం పెడుతుంది. వాళ్లు వచ్చేసరికి ఆ సందుల్లో ఏముండేదో చెప్పమంటారా? పసుపు, సున్నం, బీడీ పొడి, ఒకామె అయితే బ్యాటరీ లోపలి నల్లపొడి కూడా కూరుకొచ్చింది. నాకు ఒళ్లు మండేది. అది కడిగి తీయడానికే సగం పూట పట్టేది. చీము, మట్టి, పొడి ఉన్న చోట ఎంత మంచి మందు పోసినా ఆ మురికే తాగేస్తుంది, క్రిమి దాకా పోదు. కాబట్టి ముందు కడగాలి, తర్వాతే మందు. ఈ ఒక్క ముక్క చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

అంతా కడిగి ఎర్రమందు వేస్తే వాళ్లు కూడా మా అవ్వలాగే మొహం పెట్టేవాళ్లు. "గిది సల్లగుంది సిస్టరమ్మా, మంట మందు లేదా?"

మంట మందు ఎందుకు ఉండదు, కావాలంటే బోలెడు. చంపడం ఎంతసేపు? యాసిడ్ పోసినా క్రిమి చస్తుంది, కాలే కట్టె పెట్టినా చస్తుంది. చిక్కంతా మనిషి చర్మాన్ని బతికించి, దాని మీద ఉన్నదాన్ని చంపడంలో ఉంది. పాత టించరులో అయోడిన్‌ను స్పిరిట్‌లో కలిపేవాళ్లు, అందుకే అంత మంట. ఇప్పటి ఎర్రమందులో అదే అయోడిన్‌ను ఇంకో పదార్థానికి కట్టేసి ఉంచారు. అది కొంచెం కొంచెంగా వదులుతూ ఉంటుంది. బాక్టీరియా, వైరస్, ఫంగస్ మూడింటి లోపలికీ చొరబడి పాడు చేస్తుంది, చర్మాన్ని మాత్రం అంతగా ఏడిపించదు. వేసి, ఆరేదాకా ఆగాలి. వేసిన మరుక్షణం తుడిచేస్తే వేయనట్టే. స్పిరిట్ సంగతి వేరు. అది బాక్టీరియా పైపొరను కరిగించి లోపలి సరుకును ఉడికిన గుడ్డులాగా గడ్డకట్టిస్తుంది. అది బాగున్న చర్మానికి, సూది పొడిచే చోటికి, చేతులకు. తెరుచుకున్న పుండుకు కాదు. ఇంకో విచిత్రం, నీళ్లు కలవని చిక్కటి స్పిరిట్ కంటే కాస్త నీళ్లు కలిసినదే బాగా పని చేస్తుంది. చిక్కటిది పైపైన గడ్డ కట్టించి అక్కడే ఆగిపోతుంది. ఎంత ఘాటైతే అంత మంచిదన్న లెక్క అక్కడే తప్పుతుంది. ఆపరేషన్‌కు ముందు చేతులు కడిగే గులాబీ రంగు మందు ఉంది, అది కడిగేశాక కూడా చర్మాన్ని పట్టుకుని చాలాసేపు కాపలా కాస్తుంది.

ఇవన్నీ చదువుకున్నాను, పరీక్ష రాశాను, కొత్తగా వచ్చిన పిల్లలకు పాఠం చెప్పాను. మా ఇంట్లో ఒక్క మనిషికి ఎక్కించలేకపోయాను.

నాకు మానుకోటకు బదిలీ అయింది. మహబూబాబాద్ అని బోర్డుల మీద ఉంటుంది కానీ మేమంతా మానుకోట అనే అంటాం. అప్పటికి మా అవ్వకు మోకాళ్లు వంగడం మానేశాయి, నర్సింగ్ హోం పని పోయింది. అన్న కొడకండ్లలో కౌలు పొలం చేసుకుంటున్నాడు. అవ్వను నేనే నా దగ్గరికి తెచ్చుకున్నాను. రెండు గదుల అద్దె ఇల్లు, వెనక చిన్న దొడ్డి. వచ్చిన మొదటి రోజే బజారుకు పోయి నల్ల ఫినాయిలు డబ్బా కొనుక్కొచ్చింది.

ఆ తర్వాత కరోనా వచ్చింది. ట్రాక్టర్ మీద ట్యాంకు పెట్టి మా వీధిలో బ్లీచింగ్ నీళ్లు చల్లుతుంటే మా అవ్వ గుమ్మంలో నిలబడి, పెళ్లి ఊరేగింపు చూసినట్టు సంబరంగా చూసింది. "గట్ల కొట్టాలె! గప్పుడు సస్తది పురుగు!" అంది. నేను చేతులకు రాసుకునే సానిటైజర్ ఇస్తే వాసన చూసి, "అత్తరానే గిది?" అని నవ్వింది. రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని వెంటనే చీర కొంగుకు తుడిచేది. ఆరేదాకా రుద్దవే తల్లీ, ఆ వైరస్ కొవ్వు పొర కప్పుకుని ఉంటుంది, ఆ పొర స్పిరిట్‌కు చిట్లిపోవాలంటే తడి కాసేపు ఉండాలి, అని మొత్తుకునేదాన్ని. కొన్ని వైరస్‌లకు ఆ పొర ఉండదు, అవి మొండివి, వాటికి సబ్బుతో రుద్ది కడగడమే మేలు, అని కూడా చెప్పాను. అంతా విని, "సల్లగున్నది ఏం జంపుతదే" అని ఒక్క మాటలో కొట్టిపారేసింది. పోట్లాడుకున్నాం. అప్పుడు అది నవ్వులాట.

ఆమెకు షుగర్ ఉందని ఆ తర్వాతే తెలిసింది. బాగా ముదిరాక తెలిసింది. మందులు మొదలుపెట్టాను. ఒకనాడు ఆమెను కళ్లు మూసుకోమని, అరికాలిని దూదితో తాకి, ఎప్పుడు తాకుతున్నానో చెప్పమన్నాను. చెప్పలేదు. గుండుసూది మొన ఆనించాను. అప్పటికీ మాట్లాడలేదు. కాసేపయ్యాక, "ఇగ షురూ జెయ్యి మరి" అంది. షుగర్ ఆమె కాళ్లలోని నరాలను తినేసింది. చెబితే నవ్వింది. "పని చేసి చేసి మొద్దుబారినై తియ్యి బిడ్డా. నాకు ముల్లు గుచ్చినా తెల్వది" అంది, అదేదో గొప్ప అయినట్టు.

కుడికాలి చిటికెన వేలి సందులో మొదలైంది. భూపాలపల్లిలో వందల కాళ్లకు చూసినదే, తెల్లగా నానిన చర్మం. పొడిగా ఉంచవే, ఫంగస్‌కు తడే తిండి, క్రీము రాసుకో, వారాల తరబడి రాయాలి, తగ్గినట్టు కనబడినా ఆపొద్దు, అని చెప్పాను. ఆమె మాత్రం పొద్దున్నే లేచి, మోకాళ్లు సహకరించకపోయినా, ఇల్లంతా తెల్లనీళ్లతో, వట్టికాళ్లతో, తుడిచేది. వద్దని తిట్టాను, డబ్బా దాచాను, ఇంకొకటి తెచ్చుకుంది. చేతిలో తుడుపు గుడ్డ లేకపోతే ఆమెకు తాను ఉన్నట్టే అనిపించేది కాదు, ఏం చేయను? పగులు పడింది. పగులు పుండైంది.

డ్యూటీకి పోయే ముందు రోజూ నేనే కట్టు కట్టేదాన్ని. సెలైన్‌తో కడిగి, పుండు చుట్టూ ఎర్రమందు వేసి, ఆరనిచ్చి, పొడి గాజుగుడ్డ వేసి. చిన్నప్పుడు ఆమె నన్ను అడిగిన మాట ఇప్పుడు నాకు తిరిగి చెప్పేది.

"చుర్రుమంటలేదే."

"అనదే అవ్వా. అనకుండ జేసిన మందే అది."

"గట్లయితే పనిజేస్తలేదు."

"చేస్తుంది. నీ కాలుకే తెలుస్తలేదు."

"టించరు దేరాదూ."

"నీకిప్పుడు టించరు పోసినా చుర్రుమనది. నరాలు సచ్చినై. అర్థమైతుందా నీకు?" అని గట్టిగా అరిచాను. తలూపింది. ఆ తలూపడం నాకు బాగా తెలుసు, నర్సింగ్ హోంలో డాక్టరమ్మ ముందు కూడా అలాగే ఊపేది.

మొదట పుండు మానుతున్నట్టే కనబడింది. అంచున గులాబీ రంగులో కొత్త చర్మం, అగ్గిపుల్ల మందం. దాన్ని చూసి నేను ఎంత మురిశానో! ఆ తర్వాత ఆ అంచు తెల్లబడింది. తెల్లది గోధుమరంగైంది. చుట్టూ చర్మం తోలులాగా బిగుసుకుంది. ఇన్నేళ్లలో చూసిన ఏ పుండూ అలా పోలేదు. షుగర్ అంత ఎక్కువేం లేదు, యాంటీబయాటిక్ వేస్తున్నాను, కట్టు శుభ్రంగా ఉంది. పిచ్చెక్కినట్టయింది. వాసన పసిగట్టి ఉండవచ్చు కదా అంటారేమో. ఎలా పసిగట్టను? పుట్టినప్పటి నుంచీ ఆమె దగ్గర ఉన్న వాసనే అది.

ఒకరోజు కరెంటు పోయి ఓపీ తొందరగా మూసేస్తే మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. దొడ్డిలో బండ మీద కూర్చుని ఉంది. కట్టు విప్పి పక్కన మడత పెట్టింది. కాలు బేసిన్‌లో ఉంది. బేసిన్‌లో నీళ్లు పాలలాగా తెల్లగా ఉన్నాయి.

"ఏం జేస్తున్నవే అవ్వా!"

ఆమె ఉలిక్కిపడలేదు. దొంగతనం చేస్తున్న మొహం కూడా కాదు అది. తలెత్తి, అలసిపోయిన గొంతుతో, తన కష్టం చెప్పుకుంది. "రోజు పెడుతున్న బిడ్డా. ముందుగాల జర్రంతనే కలిపిన. చుర్రుమనలే. ఇంకింత పోసిన. అయినా అనలే. నిన్న నీళ్లు గలపకుంటనే పోసి చూసిన. ఎంత పోసినా మంట పుడ్తలేదు. గీ డబ్బా గూడ కల్తీదే ఉన్నట్టుంది, జర మంచిది దెచ్చియ్యవా?"

ఆమె కాలును పైపు కింద పెట్టి నీళ్లు ధారగా వదులుతూ, ఏడుస్తూ, తిడుతూ అన్నాను. "గచ్చుకు పానముందానే? గచ్చుకు తోలుందా, నరాలున్నయా? గది గచ్చుకు పోసేదే, మనిషికి కాదే!"

"గచ్చు మీద సచ్చే పురుగు కాలు మీద ఎందుకు సావదు?" అంది మెల్లగా.

మంచి ప్రశ్నే. చస్తుంది. దాంతో పాటు కాలు కూడా చస్తుంది. ఆ గులాబీ అంచులో రోజూ పుట్టే కొత్త చర్మాన్ని ఆమె రోజూ మధ్యాహ్నం కూర్చుని కాల్చేసింది. చచ్చిన చర్మం కింద మిగిలిన బాక్టీరియాకు అంతకంటే మంచి పంట పొలం ఉండదు. ఈ మాటలు అనకుండా మింగేశాను. బేసిన్ గోడకేసి కొట్టాను, అది పగల్లేదు కూడా.

జ్వరం మరునాటికే వచ్చింది. పాదం ఉబ్బి, ఎరుపు చీలమండ దాటి పైకి పాకింది. వేళ్లు నల్లబడ్డాయి. దవాఖానలో చేర్చాం. సర్జన్ గారు కట్టు విప్పి చూసి, ఎక్స్‌రే ఎత్తి పట్టుకుని, నా వైపు తిరిగారు. నేను నర్సునని తెలుసు కాబట్టి సాగదీయలేదు. "ఎముకదాకా పోయిందమ్మా. మోకాలి కిందికి తీసేద్దాం. ఆలస్యమైతే మోకాలు కూడా మిగలదు."

అన్న కొడకండ్ల నుంచి బురద కాళ్లతోనే పరుగెత్తుకొచ్చాడు. వరండాలో నన్ను నిలదీశాడు. "నువ్వు నర్సువు గదనే చెల్లె? మందులన్ని నీ చేతులల్లనే ఉంటయి గదా? ఒక్క వేలి సందుల పుండు మాన్పకపోతివా?"

ఫినాయిలు సంగతి చెప్పాను. అన్న గోడకు ఆనుకున్నాడు. "మనల్ని సాకింది గదే గదా" అన్నాడు. ఇద్దరం కలిసి సంతకం పెట్టాం.

ఆపరేషన్ గదిలోకి నన్ను రానిచ్చారు. కోసే చోటికి పైనా కిందా కాలంతా ఎర్రమందు పూశారు. మధ్య నుంచి బయటికి, గుండ్రంగా, ఒకటికి రెండుసార్లు. పూసి, అందరూ చేతులు ముడుచుకుని ఆరేదాకా ఆగారు. పోయే కాలికి అంత మర్యాద. ఎంత పూసినా చర్మం మీది క్రిములన్నీ పోవు, మేము తగ్గిస్తాం తప్ప లేకుండా చేయలేం. చదువులో ఈ వాక్యాన్ని మామూలుగా రాసుకున్నాను. అక్కడ నిలబడితే నా బతుకంతా అదే చేస్తున్నట్టనిపించింది, కొంచెం తగ్గించడం, అదీ పొద్దున పూట మాత్రమే.

మత్తు దిగాక ఆమె పెద్దగా ఏడవలేదు. మంచం మీది నుంచే వార్డు నేల చూస్తూ, "గీళ్లు నీళ్లెక్కువ గలుపుతుండ్రు, వాసనే వస్తలేదు" అంది. తుడిచే ఆమెను పిలిచి చెప్పింది కూడా. నేను అన్నం కలిపి పెడితే తిన్నది. ఎడమకాలి వేలి సందులు చూశాను. చిటికెన వేలి దగ్గర తెల్లగా నానినట్టుంది. దూదితో తాకాను. ఆమె అన్నం నములుతూనే ఉంది. నాకిక ఏ ఆశా లేదు, మీకు అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆ సాయంత్రం ఆమె నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. మొహమంతా చెమట. పళ్లు పటపటా కొరుకుతోంది.

"చుర్రుమంటున్నదే" అంది.

"ఎక్కడవ్వా? కోసిన కాడనా?"

"కాదు. వేలి సందుల. గా పుండు కాడనే." దుప్పటి మోకాలి కింద చదునుగా ఉంది. ఆమె కూడా అటే చూసింది. "తీసిండ్రని నాకు తెల్సు. నాకు మతి పోలేదు. అయినా చుర్రుమంటున్నది, మండిపోతున్నది. ఇన్నొద్దులు జూసిన గదనే దీనికోసం. జర ముందుగాల చుర్రుమన్నా బాగుండు."

తీసేసిన అవయవంలో మంట రావడం మాకు కొత్త కాదు, దానికి పేరుంది, మాత్రలున్నాయి. మాత్ర తేవడానికి లేచాను. ఆమె చెయ్యి వదల్లేదు.

"ఊదవే బిడ్డా" అంది. "జర ఊదు."

పుండు మీద ఊదకూడదని ఆమెకు నేర్పింది నేనే. అక్కడ పుండు లేదు, కాలే లేదు. నేను మంచం కాళ్ల వైపుకు పోయి, వంగి, ఖాళీ దుప్పటి మీద ఊదాను.

"ఇంకొంచెం కిందికి" అంది మా అవ్వ.